మరిడమ్మ చెప్పిన నెల

కడుపుల విషయంలో మరిడమ్మ మాటకి ఆ పేటలో తిరుగు లేదు. పురుళ్ళన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి మరి. పొట్ట మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది ఫలానా నెల, కోతలనాటికి నీళ్ళాడతావు" అందంటే అంతే. ఊరందరి కడుపుల గురించీ ఉన్నదున్నట్టు చెప్పే ఆ మనిషి, సొంత కోడలి కడుపు గురించి మాత్రం ఒక్కరికీ నిజం చెప్పలేదు.

ఎందుకు చెబుతుందండీ? కోడలు పాపాయమ్మకి అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. మొదటిసారి మరిడమ్మే మురిసిపోయి కాలవ రేవులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. రెండోసారి చెప్పకుండా ఉండలేక చెప్పింది. రెండూ పోయాయి. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందే" అని తేల్చేసుకుని, మూడోసారి నోరు కట్టేసుకుంది. ఇక దాచడానికి వీల్లేకుండా పొట్ట కనబడ్డాక, ఎవరడిగినా "మూడో నెలేనమ్మా, గంజి ఎక్కువ తాగి ఒళ్ళు చేసింది" అనేది. అప్పటికి అయిదు నిండి ఆరో నెల నడుస్తోంది. పాపాయమ్మ అసలే బక్కపల్చటి మనిషి, చీర వదులుగా కట్టేది. మరిడమ్మ లెక్క తప్పదు కదా అని పేటంతా నమ్మేసింది.

రావులపాలేనికి దిగువన, కాలవ గట్టునానుకుని ఉంటుంది ఆ మాలపేట. అప్పటికే సగం పైగా కిరస్తానంలో కలిశారు. మరిడమ్మకీ బాప్తిస్మమిచ్చి మార్త అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. తాటాకుల పాక ఒకటి వేసి, అందులో వారం రోజులూ బడీ, ఆదివారం ప్రార్థనా నడిపేవాడు రాజరత్నం పంతులు. ఆ పాకలోనే, పంతులు వాక్యం చదువుతుండగా, పాపాయమ్మ కడుపులో వాడు మొదటిసారి కదిలాడు. బొడ్డు కింద చేపపిల్ల తిరిగినట్టయింది. పాపాయమ్మకి నవ్వాగలేదు. పంతులు కళ్ళెర్రజేశాడు. ఇంటికెళ్ళి అత్తతో చెబితే, మరిడమ్మ పొట్ట మీద చెయ్యేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది. "మగాడే. వీడు నిలబడతాడు. నువ్వు మాత్రం నోరెత్తకు" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం పాపాయమ్మ చూడడం అదే మొదలు.

ఆ ఏడు కాలవకి నీళ్ళు ఆలస్యంగా వదిలారు. పేటలో చాలామంది మగాళ్ళలాగే పాపాయమ్మ మొగుడు లాజరు కూడా పల్లంరాజు గారి దగ్గర పాలేరు. పల్లంరాజు గారి చేలకి నీళ్ళ వంతు ఆదివారం వచ్చింది. వంతు తప్పితే మళ్ళీ ఎప్పటికో, నారు ముదిరిపోతుంది. ఆయన కబురు పెడితే లాజరు "ఆదివారం పని చెయ్యకూడదన్నారండి, ప్రార్థన కాగానే వస్తాను" అని చెప్పి పంపించాడు. అంత మాట మాలాడు తనకి చెప్పి పంపడం పల్లంరాజు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగడు.

ఆయన్ని చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు, నేనూ అనను. పాలేళ్ళకి జ్వరమొస్తే పథ్యానికి పాతబియ్యం పంపించేవాడు. కోపం వస్తే మాత్రం మనిషి మనిషి కాడు. ముల్లుగర్ర పట్టుకుని నేరుగా పాకలోకే వచ్చాడు. పాట పాడుతున్నవాళ్ళు పాడుతున్నట్టే ఆగిపోయారు. లాజరుని రెక్క పట్టుకుని బయటికీడ్చి బాదడం మొదలెట్టాడు. ఒక్కడూ అడ్డం రాలేదు. పంతులు "అయ్యా, అయ్యా" అంటూ నిలబడ్డాడు. పాపాయమ్మ పరిగెత్తుకెళ్ళి మొగుడి మీద పడింది. అంతలో లేచిన కాలు లేచినట్టే వచ్చి పొట్టలో తగిలింది.

పొద్దు వాలేలోగా అంతా అయిపోయింది. మరిడమ్మ చేతిలోకే వచ్చాడు. చేతులున్నాయి, కాళ్ళున్నాయి, వేళ్ళకి గోళ్ళు కూడా వచ్చాయి. అన్నట్టే మగపిల్లాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. మరిడమ్మ ఏడవలేదు. లాజరుని బయటికి పంపేసి, కొత్త కుండలో పసుపు గుడ్డ పరిచి, వాణ్ణి పడుకోబెట్టి, మూకుడు మూసి, మట్టితో మెత్తింది. లోపలి గదిలో రుబ్బురోలు పక్కన గొయ్యి తీసి కుండని దింపింది. పైన పేడతో అలికేసింది.

"ఇంట్లోనే ఉన్నాడే" అంది కోడలితో. "ఇంట్లో ఉన్నవాడు దారి తప్పడు. మళ్ళీ నీ కడుపునే పడతాడు. మూత మాత్రం తియ్యకూడదు, వాణ్ణి కదపకూడదు. మా అమ్మకి నేనలా రెండోసారి వచ్చినదాన్నే."

నిజమో కాదో పాపాయమ్మకి తెలీదు. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళు అలాంటివి నమ్మకూడదని మాత్రం తెలుసు. అయినా ఆ మాట పట్టుకునే లేచి కూర్చుంది, ఆ మాట పట్టుకునే గంజి తాగింది. ఆ అలికిన చోట చాప వేసుకుని పడుకునేది.

మర్నాడు పంతులొచ్చి, బిడ్డని ఏం చేశారని అడిగాడు. ఇంట్లో పూడ్చామంటే ఊరుకుంటాడా? "బిడ్డేంటండీ బాబూ, మూడో నెల, రక్తపు ముద్ద. కాలవలో కలిపేశాను" అని చెప్పేసింది మరిడమ్మ. అబద్ధం ఒకసారి అలవాటయితే దానికదే వచ్చేస్తుంది కదండీ నోట్లోంచి.

రాజరత్నం పంతులు ఊరుకోలేదు. ప్రార్థన పాకలో నోరు పెగలని సిగ్గు ఒకటి లోపల తొలుస్తోంది ఆయన్ని. మిషను దొరగారికి చెప్పి, రాజమండ్రిలో మేజిస్ట్రేటు కచేరీలో కేసు పెట్టించాడు. లాజరు భయపడ్డాడు. "తిండి పెట్టే మనిషి మీద కేసేంటే" అన్నాడు. పాపాయమ్మ భయపడలేదు. దానికి కావలసింది ఒక్కటే. ఊళ్ళో అందరూ "కడుపు పోయిందట పాపం" అంటున్నారు. పోవడమేంటి, గేదె తప్పిపోయినట్టు? చంపితే పోయింది. నీ బిడ్డని చంపాడమ్మా అని ఎవరో ఒక పెద్దమనిషి, ఒక్కసారి, నోరు తెరిచి అనాలి. ఆ మాట వినకపోతే బతకలేననిపించింది.

వాయిదా రోజు పేటలో సాక్షులందరూ కాలవ పడవెక్కి బొబ్బర్లంక, అక్కడ గోదారి దాటి ధవళేశ్వరం, అక్కణ్ణించి నడిచి రాజమండ్రి చేరారు. కచేరీ వసారాలో గుమాస్తా గోపాలకృష్ణమూర్తి గారు, మేజిస్ట్రేటు దొర మాటలు తెలుగు చేసి చెప్పేది కూడా ఆయనే, సంగతంతా ముందే విడమర్చాడు. "చూడమ్మా, కడుపులో శిశువు కదలడం మొదలెట్టాక చంపితే చట్టానికి అది ప్రాణం తియ్యడం కిందే లెక్క. పై కోర్టుకి పంపుతారు, ఏళ్ళ తరబడి జైలు పడుతుంది. కదలక ముందైతే, అందులోనూ కడుపని తెలీదంటే, అది ఒట్టి దెబ్బ. జరిమానా కట్టి ఇంటికి పోవచ్చు. కనుక తేలాల్సింది ఒక్కటే, కదిలాడా లేదా."

"కదిలాడండి" అంది పాపాయమ్మ వెంటనే.

"నాకు కాదు, లోపల చెప్పు" అన్నాడాయన.

లోపల చెప్పింది. బైబిలు పుస్తకం మీద చెయ్యేసి, కదిలాడని చెప్పింది. పల్లంరాజు తరఫు ప్లీడరు దాన్నేమీ గద్దించలేదు. చిన్నగా నవ్వి కూర్చున్నాడు. తరవాత పేటవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పిలిచారు. ఒకడి తరవాత ఒకడు వచ్చి దెబ్బ చూశామన్నారు, కాలు లేవడం చూశామన్నారు. ప్లీడరు అందరినీ ఒకే మాట అడిగాడు, "ఎన్నో నెల?"

"మూడోదండి."

"ఎలా తెలుసు?"

"మరిడమ్మ చెప్పిందండి. ఆవిడ లెక్క తప్పదండి."

పాపాయమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఇంకో సాక్షి కూడా అదే మాట చెప్పేసి దిగిపోయాడు. వాళ్ళు పగవాళ్ళు కారు. పల్లంరాజు దగ్గర లంచం తిన్నవాళ్ళూ కారు. పుస్తకం మీద చెయ్యేస్తే అబద్ధం ఆడకూడదని పంతులు నేర్పితే, నేర్పినట్టే, తెలిసిన నిజం చెబుతున్నారు. ఆఖరికి పంతుల్ని పిలిచారు. ఆయన ముఖం పాలిపోయింది. "మూడో నెలని మార్తమ్మ నాతో చెప్పిన మాట వాస్తవం" అన్నాడు, తల వంచుకుని.

అప్పుడు మరిడమ్మ. ఆరో నెల అని ఆవిడ అరిచి చెప్పింది. ప్లీడరు లేచాడు.

"ఊరందరికీ మూడని చెప్పావా లేదా?"

"చెప్పానండి. దిష్టి తగులుతుందని చెప్పానండి."

"అంటే అప్పుడు అబద్ధమాడావు. ఇప్పుడు నిజమాడుతున్నావని ఎలా నమ్మాలి? సరే, ఆ పిండమేది? ఏం చేశావు?"

మరిడమ్మ పంతులు వంక చూసింది. కోడలి వంక చూసింది. వేళ్ళతో కొంగు నలుపుతూ, "కాలవలో కలిపేశానండి" అంది.

పల్లంరాజు చేతులు జోడించి, అడక్కుండానే మాట్లాడాడు. "దొరగారూ, కడుపని తెలిస్తే కాలు లేపుతానా? నాకూ ఆడపిల్లలున్నారు." ఆ మాట నిజమే అయ్యుంటుందండి. అంటే ఉత్త ఆడదాన్నయితే తన్నొచ్చన్నమాట! ఆ సంగతి కచేరీలో ఎవరికీ తట్టలేదు, రాసుకున్నవాళ్ళకి కూడా.

దొర కలం కింద పెట్టి ఏదో అన్నాడు. గోపాలకృష్ణమూర్తి గారు చెప్పాడు, "శిశువు తాలూకు ఏదైనా ఉండి ఉంటే డాక్టరు చూసి నెల చెప్పగలిగేవాడు. ఏమీ లేదు గనక..."

"ఉన్నాడండీ!" అని అరిచింది పాపాయమ్మ. "ఇంట్లోనే ఉన్నాడండీ నా బిడ్డ! రోలు పక్కనే ఉన్నాడండీ!"

కచేరీ అంతా వెనక్కి తిరిగింది. మరిడమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. దొర పాపాయమ్మ ముఖంలోకి చూసి, వచ్చే వాయిదాకి తెమ్మన్నాడు. తెస్తే డాక్టరు చూస్తాడు, తేకపోతే ఉన్న సాక్ష్యం మీదే తీర్పు. ఎముకలున్నా చాలన్నాడట.

ఇంటికి చేరాక మరిడమ్మ తిన్నగా లోపలి గదిలోకి వెళ్ళి, అలికిన చోట అడ్డంగా పడుకుంది.

"నన్ను తవ్వి తర్వాత వాణ్ణి తవ్వు" అంది.

"అత్తా, లేకపోతే మూడో నెలే అంటారు. రక్తపు ముద్దంటారు."

"అననీ! వాళ్ళంటే ముద్దయిపోతాడా? నా చేతుల్లోకి వచ్చాడే, నేను చూశాను. నీకు మళ్ళీ కావాలా అక్కర్లేదా? కదిపావంటే ఇంక నీ కడుపు పండదు. ఆ దొర కంటాడేంటి నీకు?"

"నువ్వు మూడని చెప్పబట్టే కదా ఇదంతా!" అనేసింది పాపాయమ్మ. అని, నాలిక కరుచుకుంది. మరిడమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుపు దిగమింగుకునే ముసలిదాని వీపు అదురుతూంటే, దగ్గరికెళ్ళి పట్టుకోవాలనీ, గట్టిగా అరవాలనీ కూడా అనిపించింది పాపాయమ్మకి. రెండూ చెయ్యలేక గుమ్మంలో కూలబడింది.

లాజరుని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మొగాళ్ళకి ఆ మాట ఎంత తేలికో! పంతులు దగ్గరికెళ్ళింది. ఆయన బడి పాకలో పలకలు సర్దుతున్నాడు.

"పంతులు గారూ, ఒకటడుగుతాను, కోప్పడకండి. వాడు మళ్ళీ నా కడుపున పడతాడా?"

"పడడమ్మా. అది అన్యుల నమ్మకం. చనిపోయినవాళ్ళు తిరిగి పుట్టరు. తీర్పు దినాన లేస్తారు."

"అయితే వాడూ లేస్తాడాండి?"

రాజరత్నం తడుముకున్నాడు. బాప్తిస్మం లేదు, పేరు లేదు, భూమ్మీద ఒక్క ఊపిరీ పీల్చలేదు. మంచివాడే పాపం, దాని కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాడు. "అది దేవుడి దయ. మనకి తెలీదు" అన్నాడు.

"పోనీ, కచేరీ పనయ్యాక సమాధుల దొడ్లో పెట్టనిస్తారాండి? పేరు పెట్టి, పాట పాడి?"

"మిషను దొరగారిని అడిగానమ్మా, నిన్నే. బాప్తిస్మం కానివాళ్ళకి వీల్లేదన్నారు." ఆయన ఒక పలక తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "కానీ న్యాయం జరగాలి. నువ్వు తవ్వాలి. వాడు మనిషేనని చట్టం ఒప్పుకోవాలి."

పాపాయమ్మ గట్టు మీద నడుస్తూ ఏడ్చింది. కచేరీకి వాడు కదిలితేనే బిడ్డ. గుడికి తల మీద నీళ్ళు పడితేనే బిడ్డ. ఏ షరతూ పెట్టకుండా వాణ్ణి బిడ్డనుకున్నది ఆ మొండి ముసల్ది ఒక్కత్తే. అలాంటిదాన్నే, నువ్వు మూడని చెప్పబట్టే అని అనేసింది తను. ఇంటికెళ్ళి, తవ్వనులే అత్తా, పోనీలే అని చెప్పేద్దామనుకుంది. మళ్ళీ పల్లంరాజు మెత్తటి గొంతు గుర్తొచ్చింది. కడుపని తెలిస్తే కాలు లేపుతానా. జరిమానా కట్టేసి, ఎద్దుబండెక్కి, పొగాకు చుట్ట ముట్టించుకుని వెళ్ళిపోతాడు. ఆ తలపుకి దాని ఒళ్ళంతా మండిపోయింది.

వాయిదాకి బయల్దేరాల్సిన పొద్దున, పాపాయమ్మ లేచేసరికి లోపల గదిలో గునపం చప్పుడు. మరిడమ్మ గొయ్యి పక్కన గొంతుక్కూచుని చేతులతో మట్టి తీస్తోంది.

"నువ్వు ముట్టుకోకు" అంది తలెత్తకుండా. "కదిపిన పాపం కదిపినవాళ్ళదే. నాకు తగిలితే తగలనీ, ఇంక కనేదాన్నా పెట్టేదాన్నా? ఆ మూడో నెల మాట నాది. నేనే దిద్దుకుంటాను."

కుండ చెక్కు చెదరలేదు. మూకుడు మెత్తిన మట్టి ఎండి గట్టిపడింది. మరిడమ్మ తడిగుడ్డతో దాన్ని నెమ్మదిగా తుడిచి, తన పాత చీర చుట్టి, కోడలి ఒడిలో పెట్టింది. "మూత తియ్యనంతవరకూ పరవాలేదు. వాడికి ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అంది. తనకి తను చెప్పుకుంటోందో కోడలికి చెబుతోందో తెలీదు.

గోదారి వరద మీదుంది. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. పడవ ఒరిగినప్పుడల్లా పాపాయమ్మ కుండ మీదకి వంగిపోయేది. పడవలో ఎవరో "నెయ్యాండి?" అని అడిగితే మరిడమ్మ అవునంది. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ప్రయాణం చెయ్యడం పాపాయమ్మకి అదే మొదలు. ఆ బరువు బాగుందనిపించింది, అలా అనిపించినందుకు ముఖం గోదారి వైపు తిప్పుకుంది.

కచేరీ వసారాలో బల్ల మీద పెద్ద గాజు సీసా ఒకటి పెట్టి ఉంది. పక్కన ఆస్పత్రి డాక్టరు నిలబడి ఉన్నాడు. సీసాలోని నీళ్ళు సారా వాసనేస్తున్నాయి.

"అదెందుకండీ?" అని అడిగింది పాపాయమ్మ, గుమాస్తా గారిని.

"దానికేనమ్మా" అన్నాడు గోపాలకృష్ణమూర్తి గారు, ఒడిలోని కుండ వైపు చూపిస్తూ. దయగల మనిషే, గొంతు తగ్గించి చెప్పాడు. "డాక్టరు గారు తీసి, కోసి చూసి, మిగిలింది అందులో వేస్తారు. చెడిపోకుండా ఉంటుంది. ఇక్కణ్ణించి సెషన్సు కోర్టుకి వెళ్తుంది. వాళ్ళు అప్పీలుకెళ్తే చెన్నపట్నం దాకా వెళ్ళాలి మరి."

"మళ్ళీ నాకెప్పుడిస్తారండి?"

"ఇవ్వడమేంటి? అది కేసు సొత్తు. కేసైపోయాక సర్కారు వాళ్ళే ఏదో చేసేస్తారు."

"నా బిడ్డండి."

"కాదన్నదెవరమ్మా? బిడ్డని రుజువు చెయ్యడానికే కదా ఇదంతా."

పాపాయమ్మ సీసా వంక చూసింది. మూత లేని సీసా. అటు నించి ఇటు కనబడిపోతోంది. దారినపోయే ప్రతివాడూ చూడొచ్చు. కళ్ళు కూడా తెరవని పిల్లాడు. తను కూడా వాణ్ణి సరిగ్గా చూడలేదు, అత్త చూడనివ్వలేదు. వాడు వెళ్ళి చెన్నపట్నంలో ఏ అరలోనో నిలబడాలి, ఎవరూ వాడికి పేరు పెట్టకుండానే. తను పిలుద్దామన్నా పేరు లేదు. చెయ్యి దానంతటదే కుండ చుట్టూ బిగుసుకుంది.

లోపలికి పిలిచారు. రాజరత్నం పంతులు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, ఆ వేళ ఆయన ముఖంలో కళ వచ్చింది. పల్లంరాజు నుదుటి మీద చెమట. ప్లీడరు నవ్వడం లేదు. పాపాయమ్మ కుండతో సహా వెళ్ళి నిలబడింది. పుస్తకం ముందుకు జరిపారు. ఒక చెయ్యి కుండకి ఆనించి, రెండో చెయ్యి పుస్తకం మీద పెట్టింది.

"తెచ్చావా?" అని దొర మాట.

పాపాయమ్మ కుండకి చుట్టిన చీర మీద చెయ్యి సర్దుకుంది.

"నీ కడుపులో శిశువు కదిలిందని కిందటి వాయిదాలో చెప్పావు. అది ఇదేనా?"

"కదల్లేదండి" అంది పాపాయమ్మ.

గోపాలకృష్ణమూర్తి గారు తెలుగు చెయ్యడం మర్చిపోయి దాని ముఖంలోకి చూశాడు. "ఏమన్నావు?"

"కదల్లేదండి దొరగారూ. మూడో నెలేనండి. కోపం కొద్దీ చెప్పాను."

పంతులు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పాపాయమ్మ ఆయన వంక చూసింది, అంతే, ఆ చూపుకి ఆయన మెల్లగా కూర్చుండిపోయాడు. దొర ముందుకు వంగాడు. ప్రమాణం మీద అబద్ధమాడితే జైల్లో పెడతారని తెలుసా అని అడిగించాడు. తెలుసండి అంది.

"మరి ఆ కుండలో ఏముంది?"

"మట్టండి" అంది పాపాయమ్మ. "ఉత్త మట్టండి."

డాక్టరు చెయ్యి చాచాడు, తీసి చూద్దామని. పాపాయమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కుండని రెండు చేతులతో పొట్టకి అదుముకుని, ఆ పొట్ట ఎవరికీ అందకుండా పక్కకి తిరిగి నిలబడింది. దొర ఆ నిలబడ్డ తీరు చూశాడు. ఆయనకి తెలిసిందనే అనుకుంటానండి. డాక్టర్ని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చేత్తోనే కలం తీసుకుని రాయడం మొదలెట్టాడు.

ఒట్టి దెబ్బ కింద తేల్చారు. జరిమానా వేశారు, అది సర్కారుకి జమ. పల్లంరాజు ప్లీడరు ఆయన భుజం తట్టాడు. పేటవాళ్ళు ఎటు చూడాలో తెలియక చెప్పుల్లేని కాళ్ళ వంక చూసుకున్నారు. వాకిట్లో మరిడమ్మ ఎదురొచ్చి, కోడలి చేతుల్లో కుండ చూసి, ముందు మూత తడిమింది. మట్టి మెత్తినట్టే ఉంది. "బాబో, నా తండ్రీ" అని అప్పుడేడ్చింది, ఇన్నాళ్ళదీ కలిపి, రోడ్డు మీద అందరూ చూస్తుండగా. నేనేం చేశానో చూశావా అత్తా, వాడు లేడని చెప్పి వాణ్ణి తెచ్చుకున్నానని చెప్పాలనుకుంది పాపాయమ్మ. అత్త భుజానికి తల ఆనించింది.

పల్లంరాజు వసారా మెట్లు దిగి వస్తున్నాడు. ఆడవాళ్ళిద్దరూ దారికి అడ్డంగా ఉండేసరికి, అలవాటు కొద్దీ, మైల తగలకుండా ఓరగా జరిగాడు. జరిగి, ఎందుకో ఆగాడు. "ఏదో అయిపోయింది. లాజరుని రేపట్నించి పనికి రమ్మను" అన్నాడు మెత్తగా.

పాపాయమ్మ తల ఎత్తి ఆయన దారికి అడ్డంగా వచ్చింది. ఆయన ఇంక జరగడానికి వెనక గోడే ఉంది.

"అయ్యా" అంది, ఆయనకొక్కడికే వినబడేలా. "వాడు కదిలాడండి. లోపల చెప్పింది అబద్ధం. మీకొక్కరికే చెబుతున్నాను, మీకు తెలియాలి. రోజూ పొద్దున లేచీ లేవగానే తన్నేవాడు. ఇదిగో, ఇక్కడ." కుండ ఎడమ చంకకి మార్చుకుని, కుడిచేత్తో పొట్ట మీద చోటు చూపించింది. "మీ కాలు తగిలిన చోటేనండి. ఆ వేళ కూడా తన్నాడు, మీరు రాకముందు."

పల్లంరాజు ఏదో అనబోయాడు. పాపాయమ్మ ఆ మాట కోసం ఆగలేదు. గోదారి దాటే పడవ వెళ్ళిపోతుందని అప్పటికే ముందుకు నడిచిన మరిడమ్మ రోడ్డు మీంచి పిలుస్తోంది.